తొట్టిలో వదిలిన జాగా

విజయనగరం,
అక్టోబరు 1967.

చి. ల. సౌ. పార్వతికి,

వదిన కన్యకాపరమేశ్వరి దీవించి రాయడమేమంటే, ఇక్కడ అందరం కులాసా, మా అత్తగారి మోకాళ్ళు తప్ప.

ఈ ఏడు పైడితల్లి పండగకి మైదానంలో కొత్త రాట్నం ఒకటి దిగింది. మన చిన్నప్పటి కొయ్యగుర్రాల రాట్నం అనుకోకు. బోర్డు మీద 'కుటుంబ రాట్నం' అని రాశారు. జనం మాత్రం తొట్టి రాట్నం అంటున్నారు. పెద్ద చెక్క పళ్ళెం నేలకు జానెడెత్తున గిర్రున తిరుగుతుంది. దాని మీద గుండ్రటి ఇనప తొట్లు, తొట్టి లోపల చుట్టూ బల్ల. తొట్టికి నలుగురు. పళ్ళెం ఒక పక్కకి తిరుగుతుంటే తొట్టి తనకు తోచిన పక్కకి తిరుగుతుంది. నేనూ మీ అన్నయ్యగారూ ఎక్కాం. దిగాక ఆయన ఇంటికని బయలుదేరి సోడాల బండి మీదికి నడిచారు.

మీరంతా వస్తారు కాబట్టి ఏం జరుగుతుందో ముందే చెబుతున్నాను. పూరీలు తిని ఎక్కకండి. పమిట బొడ్లో దోపుకో. కళ్ళజోడు ఉన్నవాళ్ళు జేబులో పెట్టుకోవాలి. మొదటి చుట్టు ఎడ్లబండిలా ఉంటుంది, ఇంతేనా అనిపిస్తుంది. అలా అనుకున్నవాళ్ళే తర్వాతి చుట్టులో దేవుళ్ళందరినీ పేరుపేరునా పిలుస్తారు. తొట్టి మధ్యన పట్టుకోడానికి ఇనప చక్రం ఉంటుంది. కళ్ళు దాని మీదే పెట్టు, బయట జనాన్ని చూడకు. ఆగగానే లేవకు. తొట్టి ఆగినా నేల కాసేపు ఆగదు.

రాట్నం మీద ఇంత సిరా ఎందుకు ఒలకబోస్తున్నానని నవ్వకు. ఇదంతా మీ అమ్మాయి పద్మ చదువు కోసం. వచ్చే మార్చిలో అది ఎస్సెల్సీ రాస్తుంది. ఆడపిల్లల కాలేజీ మా వీధి చివరే ఉంది, మా మేడ గది ఖాళీగా ఉంది. అడ్డం ఒక్క కాశీవిశ్వనాథం అన్నయ్యే. నిరుడు నేను అడిగితే "ఆడగుంటని ఊరు దాటించను" అని చెప్పి, కండువా వేసుకుని బెల్లం కొట్టుకి వెళ్ళిపోయాడు. నీ మొగుడా, అన్న ముందు నోరు విప్పడు. అందుకని నా ఆలోచన ఇది: పద్మ అడిగితే అన్నయ్య రాట్నం ఎక్కుతాడు, దానికి కాదనడం ఆయనకి చేతకాదు. దిగేటప్పుడు నవ్వుతాడు. ఆ నవ్వు చల్లారేలోగా నేను మాట కదుపుతాను.

మీ వదిన,
కన్యక

*

శ్రీకాకుళం,
అక్టోబరు 1967.

పూజ్యులైన వదినగారికి,

పార్వతి నమస్కారాలు. మీ ఉత్తరం చదివి పద్మ గంతులేసింది. మీ తమ్ముడు చదివి, మడిచి, జేబులో పెట్టుకుని ఊరుకున్నారు.

నాకొక్కటే బెంగ. తొట్టికి నలుగురన్నారు. మీ తమ్ముడు, పద్మ, నేను, బావగారు. సరిగ్గా సరిపోయాం, అదే నా బాధ. మీ పుట్టింటి ఆచారం మీకు నేను చెప్పేదేముంది? మీ తాతలు బరంపురంలో వ్యాపారం చేసి వస్తూ దీన్ని కూడా మూటకట్టి తెచ్చారు. చిన్న కోడలు పెనిమిటి అన్నగారితో మాట్లాడకూడదు. పొరపాటున చెయ్యి తగిలితే ఇద్దరూ తలమీదుగా నీళ్ళు పోసుకుని ఆ పూట పస్తుండాలి. నేను కాపరానికి వచ్చినప్పుడు మా తోటికోడలు అక్క ఉండేది కాబట్టి మాట అటూ ఇటూ ఆవిడ మోసేది. పాపం ఆవిడ పోయేసరికి పద్మకి మాటలు వచ్చాయి. అప్పటినుంచి ఆ పని దానిది. బావగారు నా ఎదురుగానే పీట మీద కూర్చుని ఉంటారు. "పద్మా, పెదనాన్నగారికి మజ్జిగ కావాలేమో అడుగు" అంటాను. అది అడుగుతుంది. ఆయన "సాలమ్మా" అని దానికి చెబుతారు. ఇది చూసి మా పక్కింటి గున్నమ్మ నవ్వుకుంటుంది. నాకు నవ్వు రావడం మానేసి చాలా కాలమైంది.

ఆ తొట్టిలో ఆయనకీ నాకూ మధ్యన ఎంత జాగా వదలొచ్చో చూసి రాయండి. చాలదంటే నేను కిందనే నిలబడతాను.

పార్వతి

*

విజయనగరం,
అక్టోబరు 1967.

పార్వతికి,

నీ ఉత్తరం అందిన సాయంత్రమే వెళ్ళి, ఆగి ఉన్న తొట్టిలో కూర్చుని చేతులు చాపి కొలిచాను. రాట్నం తిప్పే ఎల్లాజీ అనే అతను "ఏటమ్మా, తొట్టి కొనీసుకుంతారేటి?" అన్నాడు. కొనను గానీ అవసరం ఉందన్నాను.

బెంగపడకు. అన్నయ్య ఒక పక్క ఒక్కడే కూర్చుంటాడు. ఎదురు పక్కన మీరు ముగ్గురూ, మధ్యలో నువ్వు. అన్నయ్యకి ఇటూ అటూ మనిషి పట్టేంత జాగా వదలండి. మీ అందరి చెప్పులూ నేను చూస్తాను. నేను మళ్ళీ ఎక్కితే మా అత్తగారు ఊరుకోరు.

కన్యక

*

శ్రీకాకుళం,
నవంబరు 1967.

వదినగారికి నమస్కారాలు.

మీరు కింద నిలబడి చూసింది ఎంతో నాకు తెలియదు. రాట్నం దిగాక మీతో మాట్లాడే వీలు కూడా లేకపోయింది. బావగారు తడిబట్టలతో మీ నూతి దగ్గర్నుంచి వచ్చి, అన్నం ముట్టకుండా బస్సెక్కేశారు. ఆయన వెనకాలే మేమూ.

మీరు నన్ను మధ్యలో కూర్చోమన్నారు. తీరా ఎక్కాక పద్మ "నాకు బయమేస్తంది, నన్ను మద్దిన ఎట్టండి" అంది. సరేనని నేను చివరికి జరిగాను. నాకూ బావగారికీ నడుమ మీరు చెప్పిన జాగా ఉంది. ఎల్లాజీ వచ్చి చూసి, "ఇలాగ కాదమ్మా, ఒకల్నొకలు ఆనుకుని కూకోండి, జాగా ఒగ్గీకండి" అన్నాడు. మీ తమ్ముడు "మా ఇంటి ఆసారం అది, నువ్వు తిప్పు" అన్నారు. "రాట్నానికి ఆసారం ఏటి తెలుస్తాది బాబూ" అని నవ్వి అతను మోటారు మీట నొక్కాడు.

మొదటి చుట్టు మీరు రాసినట్టే ఉంది. ఆ తర్వాత, బావగారు అంత మనిషి ఒక పక్క ఒక్కరే కావడంతో తొట్టి పిచ్చెత్తినట్టు తిరిగింది. నేను చక్రం పట్టుకునేలోపల బల్ల మీద జారి జారి ఆయన మీద పడ్డాను. మధ్యలో ఎవరైనా ఉంటే వాళ్ళకు ఆనుకుని ఆగేదాన్ని. ఎవరూ లేకుండా మనమే చూసుకున్నాం.

ఇంటికి వచ్చినప్పటినుంచి బావగారు భోజనానికి రావడం లేదు. కొట్టుకే క్యారేజీ పంపమన్నారు. పద్మ తీసుకెళ్తుంది. రాత్రి అందరూ పడుకున్నాక వచ్చి అరుగు మీద పడుకుంటారు. పద్మ చదువు మాట ఎత్తడానికి ఇప్పుడు ఎవరికి మొహం చెల్లుతుంది? మీ ఆలోచన బాగానే ఉంది వదినగారూ, దిగేటప్పుడు నవ్వుతాడన్న ఒక్క ముక్క తప్ప.

పార్వతి

*

విజయనగరం,
డిసెంబరు 1967.

పార్వతికి,

నీ ఎత్తిపొడుపు అందింది. నాకు కావలసిందే. ఆ రోజు రాట్నం దగ్గర ఎల్లాజీ నాతోనూ అన్నాడు, "దగ్గిరగా కూకుంటే ఏటీ అవ్వదు, దూరం కూకున్నోలే పడతారు" అని. వినిపించుకోలేదు.

ఇప్పుడు ఇంకో సంగతి. మొన్న అన్నయ్య బెల్లం బేరానికి కొత్తవలస వెళ్తూ ఇక్కడ దిగాడు. కాఫీ ఇచ్చాను. "పార్వతి కాయితమేటైనా రాసిందా?" అని అడిగాడు. రాసింది, అందరూ కులాసా అన్నాను. గ్లాసు కింద పెడుతూ, "రాట్నం గురించేటైనా రాసిందా?" అన్నాడు. "నీ మీద పడ్డానని రాసింది" అన్నాను. "అంతేనా?" అన్నాడు. గుమ్మం దిగుతూ ఇంకోసారి "అంతే కదా?" అన్నాడు.

పార్వతీ, ఆయన నీకన్నా ముందు నుంచి నాకు తెలుసు. మైల పడినందుకు ఇన్ని నెలలు మొహం దాచుకునే మనిషి కాదు. నీళ్ళు పోసుకున్నాడు, పస్తున్నాడు, అక్కడితో అయిపోవాలి. తొట్టిలో ఇంకేదో జరిగింది. నువ్వు దాస్తున్నావు.

కన్యక

*

శ్రీకాకుళం,
జనవరి 1968.

వదినగారికి,

మీరు అడిగారు కాబట్టి రాస్తున్నాను. చదివి పొయ్యిలో పడెయ్యండి.

నేను ఆయన మీద పడ్డది నిజం. పడగానే లేచి నా చోటికి జరగబోయాను. ఆయన జరగనివ్వలేదు. రెండు చేతులతోనూ నా మోచెయ్యి పట్టుకున్నారు. నా గాజులు చిట్లాయి. గట్టిగా కళ్ళు మూసుకుని "పార్వతీ, నన్ను ఒగ్గీకే తల్లీ, నన్ను ఒగ్గీకే" అని రాట్నం ఆగేవరకూ అంటూనే ఉన్నారు. అంత మనిషీ వణికిపోతున్నారు. నేను "ఒగ్గను బావా, ఒగ్గను" అన్నాను. మీ తమ్ముడూ పద్మా అవతలి పక్క కేకలు పెడుతున్నారు, మోటారు హోరు, వాళ్ళకి వినబడలేదు.

కాపరానికి వచ్చాక ఆయన నోట నా పేరు వినడం అదే మొదలు. నా పేరు ఆయనకి గుర్తుంటుందని కూడా నేను అనుకోలేదు.

తొట్టి ఆగాక కళ్ళు తెరిచి నా చేతి వంక చూశారు. ఆ చూపు మీరు చూడాల్సింది. పెద్దమనిషి అంత చిన్నబోవడం నేనెప్పుడూ చూడలేదు. నాకు ఏడుపొచ్చింది, ఎందుకో చెప్పలేను.

పార్వతి

*

విజయనగరం,
ఫిబ్రవరి 1968.

పార్వతికి,

పొయ్యిలో పడెయ్యడానికి ముందు ఉత్తరం మళ్ళీ చదివాను. నవ్వాను కూడా. ఊరందరికీ తీర్పులు చెప్పే కాశీవిశ్వనాథం గారు వణికిపోయారన్నమాట.

ఇంత మంచి తాళంచెవి చేతిలో పెట్టుకుని గుమ్మం బయట ఎందుకు కూర్చున్నావు? ఆయనకు నీ భయం పట్టుకుంది. పద్మ చేత ఒక్క కబురు పంపు: 'పిల్లని కాలేజీకి పంపితే సరే, లేకపోతే రాట్నంలో జరిగింది గున్నమ్మకి చెబుతాను' అని. గున్నమ్మకి చెబితే దండోరా వేయించినట్టే కదా. అన్నయ్య ఆ సాయంత్రమే పద్మ పెట్టె సర్దిస్తాడు. జూన్‌లో చేర్చుకోవడం మొదలు. ఇది తప్పితే నాకు వేరే దారి కనబడటం లేదు.

కన్యక

*

శ్రీకాకుళం,
ఫిబ్రవరి 1968.

వదినగారికి,

మీరు పెద్దవారు, కానీ ఈ మాట నాకు నచ్చలేదు. కోపం కూడా వచ్చింది.

ఆయన భయపడి నా చెయ్యి పట్టుకున్నారు. నేను వదలనన్నాను. ఇప్పుడు ఆ చేత్తోనే ఆయన్ని బజారులోకి ఈడవమంటున్నారు. పద్మ చదువు ఆగిపోతే నేను కుమిలి కుమిలి ఏడుస్తాను. అయినా ఆ దారిన మాత్రం తెచ్చుకోను. పైగా ఆ కబురు మొయ్యవలసింది పద్మే. కన్నకూతురి నోట ఆ మాట ఎలా పలికించను?

ఈ సంగతి మళ్ళీ రాయకండి.

పార్వతి

*

శ్రీకాకుళం,
జూన్ 1968.

వదినగారికి నమస్కారాలు.

పద్మ పాసయింది. మంచి మార్కులు. మీ తమ్ముడు చెప్పడానికని కొట్టుకి వెళ్ళి, బెల్లం ధర మాట్లాడి వచ్చేశారు. "చెప్పారా?" అంటే "అన్నయ్య పన్లో ఉన్నాడు" అన్నారు. ఆ మర్నాడు పద్మని ఇంట్లో కూర్చోబెట్టి, క్యారేజీ నేనే తీసుకుని కొట్టుకి వెళ్ళాను.

వెనక గదిలో బెల్లం దిమ్మల మధ్య ఆయన ఒక్కరే ఉన్నారు. నన్ను చూసి లేచి నిలబడి గోడ వైపు తిరిగిపోయారు. "పద్మేదీ?" అని గోడని అడిగారు.

"పద్మ ఇంటికాడ ఉన్నాది. నానే వచ్చినాను బావా. దాన్ని కాలేజీకి అంపండి" అన్నాను.

 ఆయన అటే తిరిగి బెల్లం దిమ్మల మీద గోనెపట్టా సర్దుతూ నిలబడ్డారు. నేను రాట్నం మాట ఎత్తుతానని ఎదురు చూస్తున్నారని నాకు తెలుస్తూనే ఉంది. నేను ఎత్తలేదు. చివరికి "ఒద్దు" అన్నారు.

"ఎందుకొద్దు?"

"ఆడగుంట. ఊరు కాని ఊరు."

"మేనత్త ఇల్లు ఊరు కాని ఊరేటి?"

"కర్సు."

"నా గొలుసు ఉన్నాది."

"నీ గొలుసెవులికి కావాల?" అని కసురుకున్నారు. నేను కూడా గొంతు పెంచాను. పోట్లాడాం వదినగారూ. నేనూ బావగారూ. బయట కూలి నూకయ్య బస్తా దించడం మాని నోరు తెరుచుకుని నిలబడ్డాడు. మధ్యన మనిషిని పెట్టుకుని అడగడమూ కాదనడమూ కుదురుతుంది గానీ పోట్లాడటం కుదరదని నాకు అప్పుడు తెలిసింది.

చివరికి ఆయన ఇటు తిరిగారు. "దాన్నంపీసినాక ఆ ఇంట్ల నాతోటి మాటాడీదెవులు? మీ అక్క పోయిన కాడినించి తిన్నావేటి, పడుకున్నావేటి అని నన్నడిగింది ఆ గుంటొక్కర్తే" అన్నారు.

 ఎన్నేళ్ళుగానో ఆచారమనీ ఆడపిల్లనీ అంటూ వచ్చిన మనిషి లోపల ఉన్నది ఇదా? "అడిగింది నాను బావా. దాని నోటితోటి అడిగినాను, అంతే" అన్నాను.

"నువ్వడిగింది దాన్ని. నన్నడిగింది అది" అన్నారు.

 నిజమే కదా. "అది ఎల్లినాక నానే అడుగుతాను" అని చెప్పి క్యారేజీ విప్పి పెట్టాను. ఆయన తినలేదు, పొమ్మని అనలేదు. నేను వచ్చేశాను. సాయంత్రం మీ తమ్ముడితో కబురు పంపారు, కాలేజీ ఎప్పుడు తెరుస్తారో మిమ్మల్ని కనుక్కోమని.

పార్వతి

*

విజయనగరం,
జూలై 1968.

పార్వతికి,

పద్మ క్షేమంగా చేరింది. అన్నయ్యే స్వయంగా దాని పెట్టె మేడ మీదికి మోశాడు. కిటికీ గడియ లాగి చూశాడు, మంచం ఊపి చూశాడు, మా అత్తగారిని "పిల్ల పెందరాళే తింటాదండి" అని బతిమాలాడు. పద్మ ఏడవలేదు. ఈయనే కళ్ళు తుడుచుకుని, దుమ్ము పడిందన్నాడు. మా మేడ గది నేను పొద్దున్నే కడిగించాను.

నీ జూన్ ఉత్తరం చదివిన దగ్గర్నుంచి నా మనసు మనసులో లేదు. ఆయన ఒంటరివాడని నాకెందుకు తోచలేదో! మొండివాడనుకుని ఎత్తులు వేస్తూ కూర్చున్నాను. చాలా బాధగా ఉంది. నువ్వు నన్ను తిట్టి మంచి పని చేశావు.

సాయంత్రం బస్సుకే తిరిగి వెళ్ళిపోయాడు. ఉండమంటే ఉండలేదు. ఇకమీదట కొట్లోనే తింటాడో, ఇంటికి వస్తాడో, నాకు అదే ఆలోచనగా ఉంది. వెంటనే రాయి.

కన్యక

*

శ్రీకాకుళం,
జూలై 1968.

వదినగారికి నమస్కారాలు.

వచ్చారు. బస్సు దిగి కొట్టుకి వెళ్ళకుండా నేరుగా ఇంటికి వచ్చి, కాళ్ళు కడుక్కుని పీట మీద కూర్చున్నారు. మీ తమ్ముడు పక్కన కూర్చుని ఆకు వంక తప్ప ఎటూ చూడలేదు. నేను అన్నం, పప్పు వడ్డించాను. నోరు తెరిచి పద్మా అనబోయి ఆగిపోయాను. ఇల్లంతా బావురుమన్నట్టుంది. ఆయన ముద్ద కలిపి, నోట పెట్టుకోకుండా కూర్చున్నారు. నేను మాట ఇచ్చిన సంగతి ఇద్దరికీ గుర్తుంది.

"బావా, పులుసు పొయ్యమంటారా?" అన్నాను.

"ఒద్దు" అన్నారు. నేను గరిటె వెనక్కి తీశాను. ఇంతలో, "ఉప్పెక్కువ" అన్నారు.

"ఇయాలా?"

"ఎప్పుడూను. నువ్వీ ఇంటికొచ్చిన కాడినించీ ఎక్కువే."

"మరిన్నాళ్ళూ సెప్పలేదేటి?"

"గుంట సేత సెప్పిస్తే, నువ్వు దాని మీద ఎగిరీదానివి."

నాకు ఒళ్ళు మండిపోయింది వదినగారూ. ఇన్నేళ్ళ పులుసు! అక్క ఉన్నప్పుడైనా చెప్పించొచ్చు కదా! "అయితే రేపటి పులుసులో ఉప్పు మీరే ఎయ్యండి" అనేశాను. మీ తమ్ముడికి పొలమారింది. బావగారు తలెత్తి నా వంక చూశారు. కోపమనుకుని భయపడ్డాను. "సరే, ఏస్తాను" అన్నారు, అంత గంభీరంగానూ. ఆ పూట మజ్జిగ రెండుసార్లు పోయించుకున్నారు.

ఇంకా చాలా రాయాలని కూర్చున్నాను. పద్మకి నా ముద్దులు చెప్పండి, బెంగపడొద్దని చెప్పండి. ఇక్కడితో ఆపుతున్నాను. వంటింటి గుమ్మం దగ్గర ఆయన నిలబడి, చింతపండు ఎంత నానబెట్టావని నన్నే అడుగుతున్నారు. వెళ్ళి జవాబు చెప్పాలి.

పార్వతి